నడుము నొప్పి సోమరితనమా?

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 33:12–14, లూకా 13:10–17



మన పల్లెలలో ఒకరిని గూర్చి మంచిమాట చెప్పవలెనన్న మొదట చెప్పునది వారి పనిని గూర్చియే. "వాడు పనిమంతుడు" అందుము. "ఆమె చేయి ఊరకుండదు" అందుము. పెండ్లి సంబంధమునకు వచ్చినవారు అడుగునది అదే. సమాధియొద్ద నిలిచి మాటలాడువారు చెప్పునదియు అదే. ఇది చెడ్డ అలవాటని నేననను. కామారెడ్డి మొదలుకొని ఎల్లారెడ్డి వరకు గల మన సంఘములలో రెక్కలను నమ్ముకొని బ్రదుకువారే ఎక్కువమంది. అయితే అట్టి పనిమంతునికి ఒకనాడు నడుము పట్టుకొన్నయెడల అతని మంచిపేరు ఏమగును? ఈ సంగతిని గూర్చి వ్రాయవలెనని చాల దినములుగా అనుకొనుచున్నాను. ఇందులో నా తప్పు ఒకటి ఉన్నందున ఇన్నాళ్లు వెనుకాడితిని.

నాకు కొంచెము పొలము కలదు. అయ్యగారు రాని ఆదివారములలో ఆరాధన నడిపించుట నా వంతు. అరువది ఏండ్లు దాటినను, బోరు మోటారు పైకి లాగవలసి వచ్చినప్పుడు మొదట చేయి వేయువాడను నేనే. ఈ సంగతి నలుగురు చెప్పుకొనుట నాకు ఇష్టముగా నుండెను. మూడేండ్ల క్రిందట వానకాలపు నాట్లు అయిన తరువాత యూరియా బస్తా నొకదానిని ఆటోలోనుండి దింపుచు ప్రక్కకు తిరిగితిని. పూర్వము 50 కిలోలు ఉండిన యూరియా బస్తాను 2018 నుండి 45 కిలోలు చేసిరి. పడుచుతనమున క్వింటాలు బస్తా మోసినవాడనైన నాకు ఈ 45 కిలోలు లెక్కలోనిది కాదు. కాని తిరిగిన చోటనే నిలిచిపోయితిని. ముందుకు వంగలేను, వెనుకకు లేవలేను.

తరువాత జరిగినది మీకు తెలియనిది కాదు. కాళ్లు ముందుగా పుట్టినవానిచేత నడుము తన్నించుకొన్న పోవునని చెప్పిరి. మా తమ్ముని కొడుకు అట్లు పుట్టినవాడే. వాడు వచ్చి సిగ్గుపడుచు మూడుమార్లు తన్నెను. ఇది నమ్మదగినది కాదని ఎరిగియే నేను తన్నించుకొంటిని. నొప్పిలో ఉన్నవానికి వేదాంతము తక్కువ. ఉప్పు మూటతో కాపడము పెట్టించుకొంటిని, అది కొంత హాయిగా నుండెను. మూడవ దినమున నేనే అడిగి సూదిమందు వేయించుకొంటిని. నొప్పి పోయెను. నొప్పి పోగానే పొలమునకు పోయి, పోయిన దినములకు వడ్డీతో కూడ పనిచేసితిని. ఆ రాత్రి నొప్పి రెండంతలై తిరిగి వచ్చెను.

అప్పుడు నాకు భయము పట్టుకొనెను. వెన్నుపూస జరిగినదని ఒకరు, డిస్కు పగిలినదని ఒకరు, కదిలినయెడల కాళ్లు పడిపోవునని ఒకరు చెప్పిరి. ఇరువది యొక్క దినములు మంచము దిగలేదు. ఇరువది రెండవ దినమున లేచి చూచుకొంటే నొప్పి ఉన్నచోటనే ఉన్నది, బలము మాత్రము పోయినది.

చివరకు పట్టణములోని ఒక వైద్యురాలియొద్దకు తీసికొనిపోయిరి. ఆమె నా కాలి వ్రేళ్లను వంచి చూచెను, మోకాలిమీద చిన్న సుత్తితో కొట్టి చూచెను, మూత్రమును గూర్చియు జ్వరమును గూర్చియు అడిగెను. స్కానింగు వ్రాయలేదు. "పండుకుంటే తగ్గదు పెద్దయ్యా. పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం నడువుండ్రి. చేతనైన పని చేసుకోండ్రి. బరువులు మాత్రం కొన్నాళ్లు వద్దు" అనెను. ఇంతదూరము వచ్చినందుకు ఈ మాటేనా అని నాకు కోపము వచ్చెను. మందు కొరకు పోయినవానికి నడక వ్రాసియిచ్చిన కోపము రాదా?

అయితే ఆమె చెప్పినది నిజమని తరువాత చదివి తెలిసికొంటిని. పూర్వము గొప్ప వైద్యులు సైతము నడుము నొప్పికి వారముల తరబడి పడక విధించెడివారు. 1986లో అమెరికాలో కొందరిని రెండు దినములు, మరికొందరిని ఏడు దినములు పడుకొనుమని చెప్పి పరీక్షించిరి. ఏడు దినములు పడుకొన్నందువలన నొప్పి ఎక్కువ తగ్గలేదు, పని దినములు మాత్రము ఎక్కువ పోయెను. 1995లో ఫిన్లాండు దేశపు హెల్సింకి పట్టణ ఉద్యోగులను మూడు గుంపులు చేసిరి. ఒక గుంపు రెండు దినములు పడుకొనెను, ఒక గుంపు వ్యాయామములు చేసెను, ఒక గుంపు తమకు చేతనైనంత మట్టుకు తమ పని తాము చేసికొనెను. త్వరగా బాగుపడినవారు ఈ మూడవ గుంపువారే. డిస్కును గూర్చిన భయమును కొంత తీరినది. 1994లో ఏ నడుము నొప్పియు లేని 98 మందికి స్కానింగు తీయగా, డిస్కులన్నియు సరిగా ఉన్నవారు నూటికి 36 మందియే. తలవెండ్రుకలు నెరసినట్లే వెన్నుపూసలును నెరయును. ఫిలిములో కనబడిన ప్రతిదియు నొప్పికి కారణము కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2020లో లోకమంతట 61 కోట్ల 90 లక్షలమందికి నడుము నొప్పి ఉండెను. మనుష్యులను పనికి దూరము చేయు వ్యాధులలో ఇదియే మొదటిది. పదిమందిలో తొమ్మిదిమందికి ఫలానా ఎముక, ఫలానా నరము అని వ్రేలు పెట్టి చూపదగిన కారణము దొరకదు.

మిగిలిన ఆ పదవవానిని గూర్చి ఒక హెచ్చరిక చేసి ముందుకు పోవుదును. నడుము నొప్పితోకూడ మూత్రము ఆగిపోయినను, తెలియకుండ పోయినను, కూర్చుండు భాగమున తాకినది తెలియకపోయినను, కాలు బలము తప్పి ఈడ్చుకొనిపోవుచున్నను తెల్లవారువరకు ఆగవద్దు. ఆ రాత్రియే పెద్దాసుపత్రికి పొండి. జ్వరము, రాత్రి చెమటలు, ఒళ్లు తగ్గిపోవుట, పడుకొన్నను విడువని నొప్పి ఉన్నయెడల అది వెన్నెముకకు పట్టిన క్షయ కావచ్చును. పర్సివల్ పాట్ అను ఇంగ్లీషు వైద్యుడు 1779లోనే ఈ వెన్ను వ్యాధిని వర్ణించి వ్రాసెను. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో క్షయకు మందులు ఉచితముగా ఇచ్చుదురు. దానికి నడక మందు కాదు, ఆ మందులే మందు. అట్లే నొప్పి మాత్రలను నెలల తరబడి మ్రింగువారు కడుపులో పుండ్లను, మూత్రపిండముల చేటును కొనితెచ్చుకొనుచున్నారు.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాను. నడుము నొప్పికి మందు ఏమనగా, బొత్తిగా మానకుండ, మునుపటివలె మీదవేసికొనకుండ, కొంచెము కొంచెముగా పనిచేయుట. చెప్పుటకు ఎంతో సులువు. కాని మన ఊళ్లలో "కొంచెము పని" అనునది ఎక్కడ దొరకును?

నాట్లను తీసికొనుడి. ఎకరమునకు ఇంత అని గుత్తకు మాటలాడుకొని ఆడువారు వరుసగా దిగుదురు. ఒకతె వెనుకబడినయెడల ఆమె వంతు మిగిలినవారిమీద పడును. వరి కోయుటకు యంత్రము వచ్చినది గాని, నాట్లు ఇంకను చాలమట్టుకు ఆడువారి వంగిన నడుములమీదనే జరుగుచున్నవి. బీడీల సంగతియు అంతే. తునికాకు, తంబాకు చాటలో పెట్టుకొని, చాటను ఒడిలో పెట్టుకొని, మెడ వంచి తెల్లవారినది మొదలు కూర్చుండువారు మన ఇండ్లలో ఎందరో ఉన్నారు. కూలి వేయి బీడీల లెక్కన ఇచ్చుదురు గాని కూర్చున్న గంటల లెక్కన కాదు. గంటకొకమారు లేచి నాలుగడుగులు వేయుమని వైద్యులు చెప్పుదురు. లేచిన ప్రతిసారి లెక్క తగ్గును. మార్కెట్టులో హమాలీలకు బస్తాను బట్టి కూలి. మనుష్యుడు చేతితో మోయు బరువు 55 కిలోలకు మించకుండ చూడవలెనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసెను. ఆ సంవత్సరమున పుట్టినవారు క్వింటాలు బస్తాలు మోసి ముసలివారైరి.

ఈ మాట వ్రాయుచుండగా మెదకు దేవాలయము జ్ఞాపకము వచ్చుచున్నది. 1914లో మొదలుపెట్టి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిరి. కరవు దినములలో అన్నము కొరకు వచ్చిన బీదలు ఆ రాళ్లు మోసిరని మనము గొప్పగా చెప్పుకొందుము. పోస్నెట్ దొరగారి పేరును తలంచుకొందుము. మోసినవారి నడుముల సంగతి నేనెక్కడను చదువలేదు.

నా కథకు వచ్చెదను. వైద్యురాలు చెప్పినట్లు ఉదయమున కట్ట మీదుగా రోడ్డువరకు నడచి వచ్చుట మొదలుపెట్టితిని. నాలుగవ దినమున హోటలు ముందర కూర్చున్నవారిలో ఒకడు, "నడుం నొప్పని పొలంకు రాడు గని ఊరంత తిరుగుతుండు" అనెను. నా చెవిని పడవలెననియే అనెను. అది నాకు సూదివలె గ్రుచ్చుకొనెను. మరునాడు నడకకు పోలేదు, మంచముమీదనే పడుకొంటిని. పడుకొన్నయెడలనైనను నా నొప్పి నిజమని నమ్ముదురు గదా అనుకొంటిని. నమ్మిరి కూడ. పండ్లు తీసికొని చూడవచ్చిరి.

ఇందులోని చిక్కును గమనించితిరా? మంచమున పడియున్నంతకాలము రోగి అందురు. బస్తా ఎత్తిననాడు పనిమంతుడందురు. నడుమ ఉన్నవానికి, అనగా బాగుపడుచున్నవానికి, మన ఊరిలో పేరు లేదు. వానిని దొంగ అందురు. కాబట్టి ఒకడు తన నొప్పిని రుజువు చేయుటకు పడుకొని చెడిపోవును. మరియొకడు తాను సోమరిని కానని రుజువు చేయుటకు బరువెత్తి చెడిపోవును. నేను నెల తిరుగకముందే ఆ రెండును చేసితిని.

మంచముమీద ఆ దినమే నా తప్పు నాకు జ్ఞాపకము వచ్చెను. దానికి రెండేండ్లు ముందు, మా పొలములో నాట్లు జరుగుచుండగా, మన సంఘములోని యొక స్త్రీ మాటిమాటికి లేచి నడుముమీద చేయి పెట్టుకొని నిలుచుచుండెను. నేను గట్టుమీద గొడుగు పట్టుకొని నిలిచియుంటిని. మూడవసారి లేచినప్పుడు, "ఏందమ్మా, లెక్కపెడుతున్నవా కొంగలను?" అంటిని. ఆమె, "నడుం లేస్తలేదు పెద్దయ్యా, జరంత నిలవడ్త" అనెను. "నడుం లేనిదానివి నాటుకెందుకొచ్చినవు, ఇంట్ల కూసుండరాదు?" అంటిని. అందరు నవ్విరి. ఆమె వంగెను. సాయంత్రమువరకు మరల లేవలేదు. మరుసటి దినము రాలేదు. ఆ మీదట మా పొలమునకే రాలేదు. నేను ఆ సంగతి మరచితిని.

నా నొప్పిని నేను ఎంత త్వరగా నమ్మితిని! నాకు సాక్షి అక్కరలేకపోయెను. ఆమె నొప్పికి మాత్రము నేను ఋజువు అడిగితిని. జ్వరమైతే చేయి పెట్టి చూడవచ్చును. గాయమైతే రక్తము కనబడును. నడుము నొప్పి కనబడదు. కాబట్టి అది ఎదుటివారు నమ్మినంతమట్టుకే ఉన్నట్లు లెక్క.

నటించువారు లేరా అని మీరు అడుగవచ్చును. ఉన్నారు. నేను వారిని చూచితిని. ఒకప్పుడు బడికి పోకుండుటకు నేనును కడుపునొప్పి నటించితిని. థెస్సలొనీకయ సంఘమునకు పౌలు పనిని గూర్చి వ్రాసిన మాట మనకు బాగుగా తెలియును. దానిమీద నేను రెండుసార్లు ప్రసంగించితిని కూడ. కాని పౌలు అక్కడ మాటలాడినది పనిచేయ నొల్లనివానిని గూర్చి. చేయలేనివానిని గూర్చి కాదు. ఈ రెంటికిని మధ్యనున్న భేదము గట్టుమీద గొడుగు పట్టుకొని నిలిచినవానికి తెలియదు. తెలియనప్పుడు ఏ ప్రక్కకు తప్పిన మేలు? నటించువానిని నమ్మి మోసపోయినయెడల అరపూట కూలి పోవును. నిజముగా నొచ్చినదానిని నమ్మనియెడల ఒక నడుము పోవును. ఈ లెక్క చేయుటకు నాకు మంచము కావలసివచ్చెను.

లూకా 13వ అధ్యాయములోని ఆ స్త్రీని చూడుడి. పదునెనిమిది ఏండ్లు నడుము వంగి ఎంతమాత్రము నిటారుగా నిలువలేనిది. ఆమె ఇంట పడియుండలేదు, సమాజమందిరమునకు వచ్చియుండెను. ఆ వంగిన నడుముతోనే నడచి వచ్చియుండవలెను. అక్కడివారందరు ఆమెను ఎరుగుదురు. పదునెనిమిది ఏండ్లలో అలవాటు పడియుందురు. ఆమె ఏమియు అడిగినట్లు వ్రాయబడలేదు. ప్రభువే చూచి, పిలిచి, మాటలాడి, చేతులుంచెను. సమాజమందిరపు అధికారికి కోపము వచ్చెను గాని, అతడు ఆ కోపమును యేసుతో చెప్పలేదు, ఆమెతోను చెప్పలేదు, జనసమూహముతో చెప్పెను. పని దినములు ఆరున్నవి గదా, అప్పుడు రమ్మనెను. నేను గట్టుమీదనుండి చెప్పినదియు ఇట్టిదే. నొప్పి ఉన్న, నా పని లేని దినమున నొప్పించుకొమ్మంటిని. ప్రభువు ఇచ్చిన జవాబు పశువులను గూర్చినది. విశ్రాంతి దినమైనను ఎద్దును గాడిదను విప్పి నీళ్లకు తోలుకొనిపోవుదురు గదా అని అడిగెను. ఎద్దు కుంటినయెడల మనము వెంటనే నమ్ముదుము. దానిని ఎవడును సోమరి అనడు, కాడి విప్పివేయుదుము.

యాకోబు సంగతి నాకు మరింత దగ్గరిది. పడుచువాడైయున్నప్పుడు అతడు పదానరాములో, కాపరులందరు కూడినగాని తీయని బావిమీది రాతిని ఒక్కడే దొరలించెను. రాహేలు చూచుచుండెను గదా. తరువాత ఇరువది ఏండ్లు మామ యింట ఎండకు మంచుకు ఓర్చి పనిచేసెను. అట్టివాడు యబ్బోకు రేవు దాటినది మొదలు తొడ కుంటుచు నడిచెను. ఆ మరుసటి సంగతినే మనము గమనింపము. అన్నయైన ఏశావు వచ్చి కలిసి పోవుదము రమ్మనగా, యాకోబు తన పిల్లలను పాలిచ్చు పశువులను చూపి, వీటిని ఒక్క దినము వడిగా తోలినను చచ్చును, నేను వీటి నడకను బట్టి మెల్లగా వచ్చెదనని చెప్పెను. అందులో తన తొడ మాట అతడు ఎత్తలేదు. ఎత్తుటకు సిగ్గుపడెనో, లేక కుంటినందువలననే చిన్నవాటి నడక కంటికి కనబడెనో వాక్యము చెప్పదు. రెండును కావచ్చునని నేననుకొందును.

నేను మరల నడక మొదలుపెట్టితిని. హోటలు ముందరి మాటలు రెండు వారములకు ఆగిపోయెను. మూడు నెలలకు వంగి పనిచేయగలిగితిని. ఇప్పుడును అప్పుడప్పుడు నడుము పట్టుకొనును. పట్టుకొన్నప్పుడు భయపడను, ఆ దినము సగము పని చేయుదును. బస్తా ఎత్తవలసివచ్చినయెడల ఒంటరిగా ఎత్తను. మోకాళ్లు వంచి, బరువును ఒంటికి దగ్గరగా తీసికొని, నడుము మెలిపెట్టక పాదములతో తిరుగుదును. "ఓ తమ్మీ, ఒక చెయ్యి వెయ్యి" అని పిలుచుట నాకు ఆ బస్తాకంటె బరువుగా నుండెను. ఇంకను కొంచెము బరువుగానే ఉన్నది.

పోయిన సంవత్సరము నాట్లకు ముందు ఆ స్త్రీ ఇంటికి పోయితిని. ఆమె గడపలో బీడీల చాట ముందర పెట్టుకొని, గోడకు ఆనుకొని, క్రింద ఒక పీట వేసికొని కూర్చుండెను. నేను అన్న మాట జ్ఞాపకము చేసి, తప్పు నాదని చెప్పితిని. ఆమె బీడీ చుట్టుట మానకుండనే, "గప్పటి ముచ్చట ఇప్పుడెందుకు పెద్దయ్యా, నీ నడుం ఎట్లుంది?" అని అడిగెను. నాట్లకు రమ్మని, వరుసలో వంగనక్కరలేదని, గట్టుమీద నిలిచి నారు కట్టలు అందించిన చాలునని, కూలి అందరితో సమానమని చెప్పితిని. ఆమె కొంతసేపు నా ముఖము చూచి, "తక్కినోళ్లు ఊకుంటరా?" అనెను.

ఊరకుండలేదు. మొదటి దినముననే గొణిగిరి. మాకును నడుములున్నవి గదా అనిరి. అదియు నిజమే. మూడవ దినము మధ్యాహ్నము వారిలో అందరికంటె ఎక్కువ గొణిగినది వరుసలోనుండి లేచి, నడుముమీద చేయి పెట్టుకొని, గట్టుమీదనున్న ఆమెను, "అక్కా, జరసేపు నువ్వు దిగు, నేను కట్టలందిస్త" అనెను. ఆమె చీర ఎగగట్టి దిగెను. ఒక గంట అయిన తరువాత ఇంకొకతె అడిగెను. ఆ వరుసలో ఎవరి వంతు ఎప్పుడో వారే చూచుకొనిరి, నన్ను అడుగలేదు.